తిరిగి వస్తానన్న రుజువు

బడిలో ముప్పై నాలుగేళ్ళు జర్మన్ భాష చెప్పి రిటైరయ్యాక, నేను వీసా ఫారాలు నింపే పనిలోకి దిగాను. మా ఊరి బస్టాండు పక్క వీధిలో ఒక చిన్న గది, ఒక బల్ల, రెండు కుర్చీలు. రాజధాని ప్రిష్టినా వెళ్ళి జర్మన్ ఎంబసీ కిటికీ ముందు నిలబడాల్సిన ప్రతివాడూ ముందు నా ఎదుట కూర్చునేవాడు. కూతురి పురిటికి వెళ్ళే తల్లులు, తమ్ముడి పెళ్ళికి వెళ్ళే అన్నలు, "ఊరికే చూసొస్తాను మాస్టారూ" అంటూ కళ్ళు దించుకునేవాళ్ళు. తిరస్కరిస్తూ వచ్చిన కాగితాన్ని చదివి చెప్పాల్సిందీ నేనే. అందులో టిక్కు పడే వాక్యం దాదాపు ఎప్పుడూ ఒకటే. "వీసా గడువు ముగిసేలోగా స్వదేశానికి తిరిగి వెళ్తారన్న మీ ఉద్దేశం రుజువు కాలేదు."

2013 సెప్టెంబరులో ఆ కాగితాన్ని జెవహిరె నా బల్ల మీద విసిరికొట్టింది. దాని మీద నెత్తుటి వేలిముద్ర ఉంది. దూడ నెత్తురు. ఆవిడది నా గదికి సరిగ్గా ఎదురుగా ఉన్న మాంసం కొట్టు.

"చదవండి మాస్టారూ. ఏమని తిట్టారు నన్ను?"

"తిట్టలేదమ్మా. నువ్వు తిరిగొస్తావని నమ్మకం కుదరలేదట."

"నేనక్కడుండి ఏం చేస్తాను? వాళ్ళ భాష రాదు, వాళ్ళ పంది మాంసం ముట్టను. మా అక్కని ఒక్కసారి చూసి వచ్చేస్తానని చెప్పాగా!"

"చెప్తే చాలదు. చూపించాలి."

ఆవిడకి నలభై తొమ్మిదేళ్ళు. భర్త ముర్సెల్ ఆరేళ్ళ కిందట అదే కొట్లో, కొక్కేనికి దూడ తొడ తగిలిస్తూ గుండె ఆగి పడిపోయాడు. పిల్లలు లేరు. నలభయ్యో రోజు దాటాక జెవహిరె తలగుడ్డ బిగించి కట్టుకుని, అతని తోలు ఏప్రాను తొడుక్కుని, మాంసం కొట్టే మొద్దు ముందు నిలబడింది. ఆడది కత్తి పట్టడమేమిటని గొణిగినవాళ్ళే, ఏడాది తిరక్కుండా ఆవిడ కీమా కోసం శనివారం పొద్దున్నే వరస కట్టారు. అక్క బుకురియె పాతికేళ్ళుగా జర్మనీలో, డార్ట్‌మండ్‌లో ఉంటోంది. కడుపులో కాన్సరు. కొత్త సంవత్సరం దాకా ఉంటే గొప్పే అన్నారట డాక్టర్లు.

నేను కాగితం మడిచి పక్కన పెట్టాను. "చూడు జెవహిరె. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఇల్లు, కొట్టు నీ పేరున ఉన్నట్టు కాగితం ఏదీ పెట్టలేదు మనం. వాళ్ళ కంటికి నువ్వు ఎక్కడ వదిలేస్తే అక్కడే ఉండిపోయే మనిషివి. ముర్సెల్ ఆస్తి నీ పేరు మీదికి మార్పించుకున్నట్టు పత్రం తీసుకురా. మళ్ళీ వేద్దాం."

మా ఊళ్ళో విధవలు అలాంటి కాగితాలు అడగరు. కొడుకుల్లేని ఆడది మరిది దయ మీద ఆ ఇంట్లో ఉంటుంది. అడిగిందంటే అత్తింటిని కోర్టుకీడ్చిందంటారు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

"సరే. అడుగుతాను," అంది.

మర్నాడు ఇద్దరం కలిసి భూముల రిజిస్టరు ఉండే ఆఫీసుకి వెళ్ళాం. గుమాస్తా కంప్యూటర్లో చూసి, ఇంకోసారి చూసి, ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

"ఇల్లు, కొట్టు, వెనకాల పచ్చిక భూమి మూడూ 2009లోనే రుస్తెమ్ గారి పేరు మీదికి మారాయండీ. నాకేమీ వద్దని మీరే రాసిచ్చారు కదా. ఇదుగో సంతకం."

రుస్తెమ్ అంటే ముర్సెల్ తమ్ముడు. ఊరి చివర రంపం మిల్లు అతనిదే. జెవహిరె కాగితాన్ని వెలుగులోకి పట్టుకుని చూసింది. ఆవిడది ఎడమచేతి వాటం. అక్షరాలు వెనక్కి వాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. అక్కడున్న సంతకం కుడివైపుకి ఒద్దిగ్గా వాలి, చివర సన్నటి తోకతో ఉంది.

"ఎంత అందంగా పెట్టాడో చూడండి మాస్టారూ. నాకిలా రాయడం వచ్చుంటే బళ్ళో మీ చేత దెబ్బలు తినేదాన్నా?"

నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అక్కణ్ణుంచి నా పాత విద్యార్థిని, లాయరు వ్యోసా దగ్గరికి తీసుకెళ్ళాను. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. "అక్కా, ఇది దొంగ సంతకం. ఫిర్యాదు ఈరోజే వేస్తాను. కానీ వేసిన గంటలో మీ మరిదికి తెలిసిపోతుంది. ఇంట్లో ఒక్కరే పడుకోకండి," అంది. ఆ మాటే నిజమైంది, ఒక్కటి తప్ప. రుస్తెమ్ రాత్రిపూట రాలేదు.

అది చలికాలం పచ్చళ్ళకి మిరపకాయలు కాల్చే కాలం. వీధిలో ప్రతి గుమ్మం ముందూ రేకు పొయ్యిలు, ఎర్ర మిరపకాయల పొగ. మర్నాడు పొద్దున్న పది గంటలకి రుస్తెమ్ కొట్లోకి వెళ్ళాడు. గొంతులు లేవడం వినిపించింది. తర్వాత అతను జెవహిరెని తలగుడ్డతో సహా జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చుకొచ్చాడు.

"నువ్వు నన్ను కోర్టుకెక్కిస్తావా? మా అన్న ఎముకలు మెక్కినదానివి, ఆయన ఇల్లు కూడా మింగుతావా?"

చెంప మీద కొట్టాడు. ఆవిడ గోడకి తగిలి కింద పడింది. లేవబోతుంటే బూటు కాలితో నోటి మీద తన్నాడు. ఆ చప్పుడు నా గదిలోకి వినిపించింది, చెక్క విరిగినట్టుగా. కడుపులో తన్నాడు. పక్కనున్న పొయ్యి బోర్లా పడి, నిప్పులు, సగం కాలిన మిరపకాయలు ఆవిడ మీద పడ్డాయి. వీధి నిండా జనం ఉన్నారు. రొట్టెల కొట్టువాడు గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయాడు. అది వాళ్ళింటి వ్యవహారం అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

నేను కిటికీ దగ్గరే ఉన్నాను. చేతిలో పెన్నుంది. మూత తీసి ఉంది. సిరా ఎండిపోతుందని మూత పెట్టి, బల్ల మీద నిటారుగా సర్దాను. అంత సేపూ నేను చేసిన పని అదే.

చివరికి కదిలింది హతిజె అవ్వ. డెబ్బై దాటిన ముసలమ్మ. తన పొయ్యిని పడగొట్టినందుకో, మరెందుకో, ఎర్రగా కాలిన పట్టకారు తీసి రుస్తెమ్ మెడ మీద ఆనించింది. అతను అరుస్తూ వెనక్కి తిరిగాడు.

"నన్నూ కొడతావురా? కొట్టు. నీ బొడ్డు కోసిన చెయ్యి ఇది," అంది.

అతను మెడ పట్టుకుని ఉమ్మేసి వెళ్ళిపోయాడు. అప్పుడు అందరూ పరుగెత్తుకొచ్చారు. నేనూ వెళ్ళాను. జెవహిరె నోట్లోంచి నెత్తురు కక్కి, అరచేతిలో రెండు పళ్ళు చూసుకుంది. తర్వాత నా వైపు చూసింది.

పోలీసులు వచ్చారు, రాసుకున్నారు. రుస్తెమ్‌ని ఒక పగలంతా కూర్చోబెట్టి పంపేశారు.

నాలుగు రోజుల తర్వాత అతను నా గదికొచ్చాడు. మెడకి కట్టు. చేతిలో ప్లమ్ పళ్ళతో సొంతంగా కాచిన రాకీ సారా సీసా. బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది.

"మాస్టారూ, మీరు చదువుకున్నవాళ్ళు. మా వదినకి మీరే చెప్పాలి. ఆవిడకి కావలసింది వీసా, అంతేగా? నేనిప్పిస్తాను. కొట్టు పదేళ్ళకి ఆవిడకే అద్దెకిచ్చినట్టు రాసిస్తా. మిల్లులో లెక్కల ఉద్యోగం ఉన్నట్టు రాసిస్తా. మరిదినని, ఆవిడ తిరిగొచ్చే పూచీ నాదని నోటరీ ముందు సంతకం చేస్తా. అంతకన్నా రుజువు ఏం కావాలి వాళ్ళకి?"

"బదులుగా?"

"ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలి. ఆ సంతకం తనదేనని ఒక కాగితం మీద రాయాలి. వెళ్ళాక..." అతను సీసా మూత తిప్పుతూ అన్నాడు, "వెళ్ళాక రాకూడదు. అక్కడే ఎవరింట్లోనో అంట్లు తోముకుంటుంది. ఎంతమంది అలా ఉండిపోలేదూ?"

ఆ రాకీ నేను ముట్టలేదని చెప్పుకోవాలనుంది. ఒక గ్లాసు తాగాను. తాగి, ఆ మాట మోసుకుని వీధి దాటాను.

జెవహిరె కొట్టు వెనక గదిలో మంచం మీద కూర్చునుంది. ఒక కన్ను మూసుకుపోయి, పెదవి చిట్లి, నడుముకి గుడ్డ చుట్టుకుని. నేను చెప్పిందంతా విని, కిటికీ వైపు తిరిగింది.

"అక్క ఫోన్‌లో మాట్లాడలేకపోతోంది మాస్టారూ. ఊపిరి మాత్రమే వినిపిస్తోంది."

"అందుకే చెప్తున్నానమ్మా. ముందు వెళ్ళు. తర్వాతి సంగతి తర్వాత."

"ఎంబసీ వాళ్ళడిగేది తిరిగొస్తానని చూపించమని. వీడడిగేది తిరిగి రానని మాటివ్వమని. రెండు కాగితాల మీదా నా చేతే సంతకం పెట్టిస్తారా మీరు? నన్ను దొంగని చెయ్యడానికే చదువుకున్నారా?"

ఆవిడ కొట్లోని మొద్దు వైపు చెయ్యి చూపించింది.

"నేను తిరిగొస్తాను. నిజంగా తిరిగొచ్చేదాన్ని. ఆ మొద్దుని నా మొగుడు బీచ్ చెట్టు కొట్టి తెచ్చాడు, ఆయన పోయాక నా ఎత్తుకి సరిపోయేలా నేను కోయించుకున్నా. దాని ముందు నిలబడే నేను మనిషినయ్యాను. వాడికి చెప్పండి. రాకీ కూడా తిరిగిచ్చెయ్యండి."

సీసాలో మిగిలింది పట్టుకెళ్ళి రుస్తెమ్‌కి ఇచ్చాను. అతను మూత తీసి మిగిలింది నేల మీద ఒంపేశాడు. అది చూసి నాకు భయం వేసింది.

అక్టోబరు రెండో వారంలో, సన్నటి వాన పడుతున్న మధ్యాహ్నం, అతని జీపు కొట్టు ముందు ఆగింది. ఒక చేతిలో ఇనప కడ్డీ, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం. లోపలికెళ్ళి తలుపు గడియ పెట్టాడు. అద్దం తలుపులోంచి నాకు అంతా కనిపిస్తూనే ఉంది. కడ్డీతో తూకం మిషన్ని పగలగొట్టాడు. అద్దాల పెట్టె పగలగొట్టాడు. గాజు ముక్కలు మాంసం మీద చల్లినట్టు పడ్డాయి. కాగితం మొద్దు మీద పరిచి, పెన్ను పెట్టి, ఆవిడ మెడ వంచి దాని మీదికి నొక్కాడు. జెవహిరె పెన్ను తీసి అవతలికి విసిరేసింది.

ఈసారి నేను వీధి దాటాను. ధైర్యం వచ్చి కాదు. మళ్ళీ ఆ కిటికీ దగ్గరే నిలబడితే ఇక ఎప్పటికీ అక్కడే ఉండిపోతాననిపించింది. హతిజె అవ్వ గుమ్మంలో ఉన్న పీట లాక్కుని తలుపు అద్దం మీద బాదాను. రెండో దెబ్బకి పగిలింది. లోపల చెయ్యి పెట్టి గడియ తియ్యబోతుంటే అరచెయ్యి చీరుకుపోయింది.

"సంతకం పెట్టని చెయ్యి ఇదేనా?" అంటున్నాడు రుస్తెమ్. "ఇదేనా?"

ఆవిడ ఎడమ మణికట్టుని మొద్దుకేసి అదిమిపెట్టాడు. గోడకున్న పెద్ద కత్తి అందుకున్నాడు. ఎముకలు కొట్టే కత్తి, ఆవిడ పొద్దున్నే పదును పెట్టింది. నేను అతని నడుం పట్టుకుని వెనక్కి లాగాను. అందుకే అది మణికట్టు మీద పడలేదు. చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దు మీద ఉండిపోయాయి.

జెవహిరె కేక వెయ్యలేదు. నోటిలోంచి గాలి మాత్రం బయటికొచ్చింది. రుస్తెమ్ కడ్డీ తీసి, వెనక్కి తిరక్కుండానే నన్ను కొట్టాడు. మెడ పక్క ఎముక విరగడం నాకు ముందు వినిపించింది, తర్వాత నొప్పి తెలిసింది. నేను నెత్తురులో, గాజులో పడ్డాను. అతను నా మీదికి వంగి కడ్డీ ఎత్తాడు.

అప్పుడు ఆవిడ కుడిచేత్తో పైనున్న పట్టీ మీంచి ఖాళీ కొక్కేన్ని లాగింది. దూడ తొడ మోసే కొక్కెం, జానెడు పొడుగు. వెనకనుంచి అతని భుజంలో దించి, రెండు అడుగులు వెనక్కి వేసి, ఒళ్ళంతా బరువేసి లాగింది. అతను దూడ అరిచినట్టు అరిచి, మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కడ్డీ దొర్లుకుంటూ మొద్దు కిందికి పోయింది. ఆవిడ కొక్కెం వదల్లేదు. తెగిన చేతిని ఏప్రానులో చుట్టుకుని, ఇంకో చేత్తో అతన్ని అలాగే పట్టుకుని నిలబడింది.

"కదిలావా, మెడలోకి మారుస్తా. నాకు ఎక్కడ దిగుతుందో బాగా తెలుసు."

పోలీసులొచ్చేదాకా పావుగంట అతను కదల్లేదు. వాన చినుకులు పగిలిన తలుపులోంచి లోపల పడుతూనే ఉన్నాయి. రొట్టెల కొట్టువాడు గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నాడు. హతిజె అవ్వ రెండు వేళ్ళనీ శుభ్రమైన చేతిగుడ్డలో మూటగట్టి తెచ్చింది గానీ, ఆస్పత్రిలో వాటిని అతికించలేకపోయారు.

రుస్తెమ్‌ని ఈసారి వదల్లేదు. ఆవిడ చేసింది ప్రాణం కాపాడుకోవడానికేనని ప్రాసిక్యూటరు రాసుకున్నాడు. దొంగ సంతకం, హత్యాప్రయత్నం రెండూ ఒకే కేసులో పెట్టారు. మొదటి వాయిదా డిసెంబరు పన్నెండు. బాధితురాలిగా, ముఖ్య సాక్షిగా జెవహిరె హాజరు కావాలని కోర్టు ముద్రతో కాగితం వచ్చింది.

ఆ కాగితం ఎంబసీకి పనికొస్తుందని మొదట కనిపెట్టింది వ్యోసానే. "మాస్టారూ, మళ్ళీ వెయ్యండి. దీంతో వెయ్యండి," అంది.

భుజానికి కట్టుతో, ఒక్క చేత్తో, ఆ ఫారం నింపడానికి నాకు రెండు గంటలు పట్టింది. "మీరు తిరిగి వెళ్ళడానికి కారణాలు" అన్నచోట ఏం రాయాలో తెలియక జెవహిరెని అడిగాను.

"పన్నెండో తారీఖు ఉంది కదా, అది రాయండి," అంది.

నవంబరు మొదట్లో ప్రిష్టినా వెళ్ళాం. లోపలికి నన్ను రానివ్వలేదు. గేటు బయట చలిలో గంటసేపు నిలబడ్డాను. లోపల జరిగింది ఆవిడ తిరుగు బస్సులో చెప్పింది.

కిటికీ వెనక ఒక కళ్ళజోడు ఆవిడ. పక్కన మా భాష తెలిసిన కుర్రది. కళ్ళజోడావిడ రెండు ఫారాలు పక్కపక్కన పెట్టి చూసిందట.

"సెప్టెంబరులో పెట్టిన సంతకానికీ, దీనికీ పోలిక లేదు. ఈ దరఖాస్తు మీరు పెట్టిందేనా?"

జెవహిరె కట్టు కట్టిన చేతిని ఎత్తి గట్టు మీద పెట్టింది. "అప్పటి సంతకం ఈ చేత్తో పెట్టా. ఇప్పుడు కుడిచేత్తో నేర్చుకుంటున్నా. ఒకటో తరగతి పిల్లలా ఉంటుంది, ఏమనుకోకండి."

కళ్ళజోడావిడ కోర్టు కాగితం చదివింది. ఆస్పత్రి కాగితం చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఒక మాట అడుగుతాను. ఈ మనిషి ఉన్న ఊరికి, ఇలాంటి చోటికి, మీరెందుకు తిరిగొస్తారు? మామూలుగా అయితే ఎవరైనా దీన్నించి పారిపోతారు."

"నేను రాకపోతే సాక్ష్యం చెప్పేదెవరండీ?" అందట జెవహిరె. "మా మాస్టారున్నాడు. మంచివాడే. కానీ మొదటిసారి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. ఆయన్ని నమ్ముకుని నేను మీ ఊళ్ళో కూర్చోలేను."

బస్సులో ఇది చెప్తూ ఆవిడ నా వైపు చూడలేదు. కాసేపయ్యాక బస్సు ఒక టీ కొట్టు దగ్గర ఆగింది. ఆవిడే దిగి, రెండు చిన్న గ్లాసుల్లో టీ తెచ్చింది. నా గ్లాసులో చక్కెర కలిపి ఇచ్చింది.

పదిహేను రోజుల వీసా వచ్చింది. నవంబరు ఇరవయ్యిన వెళ్ళింది. బుకురియె అప్పటికి ఎముకల గూడయిపోయిందట. చెల్లెలి చెయ్యి చూసి, "రెండు వేళ్ళు తక్కువ తూచి ఇచ్చావేమే, కసాయిదానా," అని నవ్వబోయి దగ్గిందట. పది రోజులు పక్కనే కూర్చుని, ఒళ్ళు తుడిచి, జుట్టు దువ్వింది. బుకురియె కూతురు మాత్రం పట్టుబట్టింది. "పిన్నీ, ఇక్కడే ఉండిపో. కేసు ఉంది, గాయాలున్నాయి. ఆశ్రయం అడిగితే ఇస్తారు. నేను లాయరుతో మాట్లాడాను," అందట. అక్క కూడా కళ్ళతో ఉండమనే అడిగిందట.

"ఒక రాత్రంతా ఉండిపోదామనే అనుకున్నా మాస్టారూ," అని నాతో చెప్పింది తర్వాత. "వీధిలో ఎవరూ అరవరు. ఎవరూ ఎవర్నీ కొట్టరు. నిద్ర పట్టింది నాకు, ఎన్నాళ్ళకో. పొద్దున్నే లేచి, ఆ నిద్ర నాది కాదనిపించింది."

డిసెంబరు మూడున విమానం దిగింది. గడువు ఇంకా ఒక రోజు మిగిలే ఉంది.

పన్నెండో తారీఖున కోర్టు హాలు కిక్కిరిసింది. జెవహిరె రెండు గంటలు సాక్ష్యం చెప్పింది, ఎక్కడా తడబడకుండా. తర్వాత నన్ను పిలిచారు. మొదటి రోజు ఏం చూశానో, ఏం చెయ్యలేదో కూడా చెప్పాను. రుస్తెమ్ లాయరు నన్ను పిరికివాడని నిరూపించాలని చూశాడు. దానికి అతను కష్టపడక్కర్లేకపోయింది.

విరామంలో వరండాలో రుస్తెమ్‌ని ఇద్దరు గార్డుల మధ్య నడిపించుకుపోతున్నారు. జెవహిరె పక్కనించి వెళ్తుంటే అతను ఆగి ఆవిడ ముఖం మీద ఉమ్మేశాడు. "ఒట్టి గొడ్రాలివి. చచ్చినా నీ సమాధి తవ్వేవాడుండడు," అన్నాడు.

ఆవిడ తుడుచుకోలేదు. కట్టున్న ఎడమ చేత్తోనే అతని చెంప పగలగొట్టింది. మానీ మానని గాయం రేగి నెత్తురు కారింది. ఇంకోసారి కొట్టింది. గార్డులు ఇద్దరూ మూడో దెబ్బ దాకా కదల్లేదు. జడ్జి ఆవిడకి జరిమానా వేశాడు. వరండాలో నిలబడ్డవాళ్ళు తలా కొంత తీసి కట్టేశారు.

ఏప్రిల్లో తీర్పు వచ్చింది. ఏడేళ్ళు. సంతకం దొంగదని తేలింది. రిజిస్టరులో పేరు మారడానికి ఇంకో ఏడాది పట్టింది, మారింది. రుస్తెమ్ భార్యాపిల్లలు ఆ వీధిలోంచి నడవడం మానేశారు. వాళ్ళ బంధువులు చాలామంది ఇప్పటికీ జెవహిరె కొట్లో మాంసం కొనరు.

తీర్పుకి ముందే, జనవరి చివర్లో, బుకురియె చనిపోయింది. శవాన్ని విమానంలో ఊరికి తెచ్చారు. నేల గడ్డకట్టి ఉంది. గునపాలు గంటన్నర దిగలేదు. మా దగ్గర ఆడవాళ్ళు పాతిపెట్టే చోటికి రారు. జెవహిరె వచ్చింది. ఇమాము ఏదో అనబోయి, ఆవిడ ముఖం చూసి ఊరుకున్నాడు. గునపం పట్టినవాడు అలిసిపోయి ఆగితే, ఆవిడ అందుకుని నాలుగు పోట్లు పొడిచింది. ఎడమ చెయ్యి పట్టు చిక్కక జారిపోతుంటే, పళ్ళు బిగించి మళ్ళీ పొడిచింది. మన్ను పెళ్ళలు పెళ్ళలుగా లేచింది.

నేను వీసా ఫారాలు నింపడం ఆ వేసవిలోనే మానేశాను. ఎవరో పదిమంది అడిగారు, వద్దన్నాను. ఎడమ చేతి పట్టు లేక, బరువైన దూడని ఒంటరిగా కోయడం ఇప్పుడు జెవహిరె వల్ల కావడం లేదు. అందుకని గురువారం పొద్దున్నే నేను ఏప్రాను తొడుక్కుని వీధి దాటతాను. నా భుజం సరిగ్గా అతకలేదు, పైకి పూర్తిగా లేవదు. అయినా తొడ పట్టుకోగలను.

"గట్టిగా పట్టుకోండి మాస్టారూ," అంటుంది. "అటు చూడకండి, ఇటు చూడండి. కత్తి ఇటునుంచి వస్తుంది."

నేను చూస్తూ పట్టుకుంటాను.